ప్రభుత్వంపై ప్రభుత్వ సంస్థ వ్యాజ్యం: ఆంధ్రలో దావా అర్హత, ప్రాతినిధ్యం – చారిత్రక పరిశీలన

ఉద్దేశాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరవాత మీరు:
• దావా అర్హత అంటే ఏమిటో, ప్రభుత్వ అంగాల మధ్య తగాదాల్లో అది ఎందుకు చిక్కుప్రశ్న అవుతుందో వివరించగలుగుతారు.
• ప్రభుత్వ శాఖకూ రాజ్యాంగ సంస్థకూ మధ్య కోర్టులు గుర్తించిన తేడాను చెప్పగలుగుతారు.
• 2020–21లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఎన్నికల కమిషన్ వివాదం నడిచిన క్రమాన్ని తెలుసుకుంటారు.
• అడ్వకేట్ జనరల్, స్టాండింగ్ కౌన్సిల్, అమికస్ క్యూరీల పాత్రలను పోల్చగలుగుతారు.

1. పరిచయం

ఇద్దరు రైతుల మధ్య పొలం గట్టు తగాదా కోర్టుకు వస్తే ఎవరు వాది, ఎవరు ప్రతివాది అనే సందేహం ఎవరికీ రాదు. ఎవరి పొలం కోతకు గురైందో వారు వాది. ఆ పని చేశారని ఆరోపణ ఎదుర్కొనేవారు ప్రతివాది. ఇద్దరికీ వేరువేరు వకీళ్లు ఉంటారు. తగాదా ఒకే ప్రభుత్వంలోని రెండు అంగాల మధ్య వచ్చినప్పుడు మాత్రం ఈ సులువు ఉండదు. నష్టపోయినదీ ప్రభుత్వమే, నష్టం చేసిందీ ప్రభుత్వమే అయితే కోర్టు మెట్లు ఎక్కే హక్కు ఎవరికి ఉంటుంది? ఎవరి పేరున పిటిషన్ వేయాలి? ప్రభుత్వ న్యాయవాది ఏ పక్షాన మాట్లాడాలి?

కోర్టు ముందు కక్షిదారుగా నిలబడే ఈ హక్కునే దావా అర్హత అంటారు. న్యాయవాదుల వాడుకలో ఇది లోకస్ స్టాండి. తనకు హక్కు లేకపోయినా, తనకు నష్టం జరగకపోయినా దావా వేసినవారిని కోర్టు మొదటి మెట్టు దగ్గరే ఆపేస్తుంది. వారు చెప్పేది నిజమా, అబద్ధమా అన్న విచారణ వరకూ కేసు వెళ్లదు.

ఇది న్యాయశాస్త్ర విద్యార్థులకు మాత్రమే పనికొచ్చే సాంకేతిక విషయంగా కనిపించవచ్చు. కానీ 2018 ఆగస్టు నుంచి 2021 ఫిబ్రవరి వరకు గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప పల్లెలతో సహా రాష్ట్రమంతటా గ్రామ పంచాయతీలు ఎన్నికైన సర్పంచులు లేకుండానే నడిచాయి. ఆ పరిస్థితికి ముగింపు పలికిన న్యాయపోరాటం మొత్తం ఈ దావా అర్హత చుట్టూనే తిరిగింది.

2. కోర్టు తలుపు లేని కాలం: చీరాల–పేరాల

దావా అర్హత విలువ అర్థం కావాలంటే అది లేని కాలాన్ని ఒకసారి చూడాలి. నాటి గుంటూరు జిల్లాలో భాగమైన చీరాల, పేరాల గ్రామాలను మద్రాసు ప్రభుత్వం కలిపి మునిసిపాలిటీగా మార్చింది. పన్నుల భారం పెరుగుతుందని ప్రజలు వ్యతిరేకించారు, అర్జీలు పెట్టుకున్నారు. ప్రభుత్వం తన నిర్ణయాన్ని మార్చుకోలేదు. స్థానిక సంస్థ ఎలా ఉండాలి, అసలు ఉండాలా వద్దా అనే విషయంలో రాష్ట్ర ప్రభుత్వ నిర్ణయానికి అడ్డు చెప్పే రాజ్యాంగ హక్కు ఆనాటి ప్రజలకు లేదు. స్థానిక సంస్థ అనేది ప్రభుత్వం చట్టంతో పుట్టించేది, ప్రభుత్వం ఇష్టప్రకారం మార్చేది.

1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో అక్కడి ప్రజలు ఇళ్లూ వాకిళ్లూ వదిలి ఊరి బయట రామనగర్ పేరుతో తాత్కాలిక నివాసాలు వేసుకుని నెలల తరబడి గడిపారు. మునిసిపాలిటీ పరిధిలో లేకపోతే మునిసిపల్ పన్ను కట్టనక్కర్లేదన్నది వారి తర్కం. జాతీయోద్యమ చరిత్రలో ఈ ఘట్టాన్ని సహాయ నిరాకరణలో భాగంగా మీరు చదివే ఉంటారు. మన అంశం దృష్ట్యా చూస్తే, ప్రభుత్వ నిర్ణయాన్ని ప్రశ్నించే వేదిక లేనప్పుడు ప్రజలకు మిగిలిన దారి ఊరు విడిచిపోవడమేనని ఇది చెబుతుంది.

3. గుంటూరు హైకోర్టు, సుబ్బారావు భిన్నాభిప్రాయం

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1954 జూలై 5న గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ప్రారంభమైంది. 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక హైకోర్టు హైదరాబాదుకు మారింది. గుంటూరు హైకోర్టు మొదటి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. ఆయన 1958లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యారు, 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు.

రాజ్యాంగం రెండు ప్రభుత్వాల మధ్య తగాదాకు ఒక దారి చూపింది. 131వ అధికరణ ప్రకారం కేంద్రానికీ రాష్ట్రానికీ మధ్య గానీ, రాష్ట్రాల మధ్య గానీ చట్టపరమైన హక్కుపై వివాదం వస్తే నేరుగా సుప్రీంకోర్టులో దావా వేయవచ్చు. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఇలాగే కేంద్రంపై దావా వేసింది. 1957 నాటి బొగ్గు భూముల సేకరణ చట్టం కింద రాష్ట్రానికి చెందిన భూములను కేంద్రం తీసుకోగలదా అన్నది ప్రశ్న. 1962 డిసెంబరులో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు కేంద్రం పక్షాన వచ్చింది. సుబ్బారావు మాత్రం విభేదించారు. సమాఖ్యలో రాష్ట్రాలకు తమ పరిధిలో స్వతంత్ర అస్తిత్వం ఉందని ఆయన అభిప్రాయం.

ఈ కేసులో రాష్ట్రం ఓడిపోయింది. కానీ వాదిగా కోర్టులో నిలబడింది. ఓడిపోవడం వేరు, కోర్టులో నిలబడే హక్కే లేకపోవడం వేరు. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి. 131వ అధికరణ ఈ హక్కును ప్రభుత్వాలకే ఇచ్చింది. ఒకే రాష్ట్ర ప్రభుత్వం లోపల వచ్చే తగాదాల గురించి అది మాట్లాడదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
అ) దావా అర్హత అంటే ఏమిటి?
ఆ) 131వ అధికరణ కింద ఎవరెవరి మధ్య వివాదాలు సుప్రీంకోర్టుకు నేరుగా వెళ్తాయి?

4. ఒకే ప్రభుత్వంలో రెండు శాఖలు: 2003 తీర్పు

ఒక ఉదాహరణ ఊహించండి. నల్లమల అంచున ఒక సర్వే నంబరు ఉంది. అది రిజర్వు అటవీ భూమి అని అటవీ శాఖ అంటుంది. కాదు, పట్టా భూమి అని రెవెన్యూ అధికారి తేలుస్తారు. అటవీ అధికారి కలెక్టర్ మీద హైకోర్టులో రిట్ వేయవచ్చా?

ఇలాంటి ప్రశ్నే ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లింది. రాష్ట్ర అడవుల ముఖ్య సంరక్షణాధికారికీ కలెక్టర్‌కూ మధ్య నడిచిన ఆ కేసులో 2003లో తీర్పు వచ్చింది. రాజ్యాంగంలోని 300వ అధికరణ, సివిల్ ప్రొసీజర్ కోడ్ 79వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం దావా వేయాలన్నా, ప్రభుత్వంపై దావా వేయాలన్నా అది రాష్ట్రం పేరుతోనే జరగాలి. అటవీ శాఖకు గానీ, దాని అధికారికి గానీ రాష్ట్రం నుంచి విడిగా చట్టం ముందు వ్యక్తిత్వం లేదు. రెండు శాఖలు కోర్టులో పోట్లాడుకోవడం రాజ్యాంగం ఊహించినది కాదని, ఆ తగాదాను ప్రభుత్వం లోపలే తేల్చుకోవాలని కోర్టు స్పష్టం చేసింది.

దీని వెనుక తర్కం సులభమే. రెండు శాఖల పైనా ఉన్నది ఒకే మంత్రివర్గం. ఒక శాఖ చెప్పింది సరికాదనుకుంటే మంత్రివర్గమే సరిదిద్దవచ్చు. ఇంటి పెద్ద ఉండగా అన్నదమ్ములు పంచాయితీకి ఎక్కనక్కర్లేదన్నట్టు ఇది.

అయితే లోపలే తేల్చుకోవాలన్న సూత్రాన్ని మరీ బిగిస్తే ఏమవుతుందో మరో కేసు చూపింది. కేంద్ర ప్రభుత్వ శాఖలూ ప్రభుత్వ రంగ సంస్థలూ కోర్టుకు వెళ్లే ముందు ఒక ఉన్నతస్థాయి కమిటీ అనుమతి తీసుకోవాలని సుప్రీంకోర్టు 1990ల్లో ఆదేశించింది. అనుమతుల్లో జాప్యం పెరిగింది, ఒకే రకమైన కేసుల్లో కమిటీ వేరువేరు నిర్ణయాలు తీసుకున్న సందర్భాలూ వచ్చాయి. చివరికి హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా కేసులో 2011 ఫిబ్రవరిలో రాజ్యాంగ ధర్మాసనం ఆ ఆదేశాలను ఉపసంహరించింది. శాఖకు అర్హత లేదు. విడిగా నమోదైన కార్పొరేషన్‌కు ఉంది. మరి రాజ్యాంగమే సృష్టించిన సంస్థ సంగతి ఏమిటి?

5. రాజ్యాంగ సంస్థ వేరు: 243కె అధికరణ, 2006 తీర్పు

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. పంచాయతీ కాలపరిమితి అయిదేళ్లని, అది ముగిసేలోగా ఎన్నికలు పూర్తి కావాలని 243ఇ అధికరణ చెబుతుంది. ఆ ఎన్నికలను నడిపే బాధ్యతను 243కె అధికరణ రాష్ట్ర ఎన్నికల కమిషన్‌కు అప్పగించింది. కమిషనర్‌ను గవర్నర్ నియమిస్తారు. హైకోర్టు న్యాయమూర్తిని తొలగించే పద్ధతిలో తప్ప కమిషనర్‌ను తొలగించకూడదు. నియామకం తరవాత ఆయన సర్వీసు షరతులను ఆయనకు నష్టం కలిగేలా మార్చకూడదు. కమిషన్ కోరినప్పుడు అవసరమైన సిబ్బందిని గవర్నర్ సమకూర్చాలి.

చివరి నిబంధనలోనే మెలిక ఉంది. కమిషన్‌కు సొంత సిబ్బంది బహు కొద్ది. పోలింగ్ విధుల్లో ఉండే ఉపాధ్యాయులు, బందోబస్తు చూసే పోలీసులు, జిల్లా ఎన్నికల అధికారిగా వ్యవహరించే కలెక్టర్, ఖర్చుకు నిధులు అన్నీ రాష్ట్ర ప్రభుత్వం నుంచే రావాలి. ప్రభుత్వం సమకూర్చకపోతే కమిషన్ ఏం చేయాలి?

దీనికి సమాధానం గుజరాత్ నుంచి వచ్చింది. అహ్మదాబాద్ మునిసిపల్ కార్పొరేషన్ ఎన్నికలు సకాలంలో జరగలేదన్న కేసులో 2006 అక్టోబరు 19న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పునిచ్చింది. స్థానిక ఎన్నికల పరిధిలో రాష్ట్ర ఎన్నికల కమిషన్‌కు కేంద్ర ఎన్నికల సంఘంతో సమానమైన అధికారం ఉందని, దాని ఆదేశాలను రాష్ట్ర ప్రభుత్వాలు పాటించాలని కోర్టు చెప్పింది. పాటించని పక్షంలో కమిషన్ హైకోర్టుకు, అక్కడా కాకపోతే సుప్రీంకోర్టుకు వెళ్లవచ్చని తేల్చింది.

2003, 2006 తీర్పులను పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటికీ వైరుధ్యం లేదు. అటవీ శాఖ చేసేది ప్రభుత్వం అప్పగించిన పని. ప్రభుత్వం వద్దంటే ఆ పని ఆగిపోతుంది. ఎన్నికల కమిషన్ చేసేది రాజ్యాంగం అప్పగించిన పని. ప్రభుత్వం వద్దన్నా చేయాల్సిందే. ప్రభుత్వ ఇష్టంతో సంబంధం లేని బాధ్యత ఉన్న సంస్థకే ప్రభుత్వాన్ని కోర్టుకు ఈడ్చే అర్హత ఉంటుంది. ఈ పాఠ్యభాగంలో మీరు ముఖ్యంగా గ్రహించాల్సిన సూత్రం ఇదే.

6. 2020–21: సూత్రానికి పరీక్ష

6.1 వాయిదా
2013లో ఎన్నికైన గ్రామ పంచాయతీల గడువు 2018 ఆగస్టులో ముగిసింది. ఎన్నికలు జరగలేదు. ప్రత్యేక అధికారుల పాలన వచ్చింది. 2020 మార్చిలో స్థానిక సంస్థల ఎన్నికల ప్రక్రియ మొదలైంది. నామినేషన్ల దశలో పల్నాడులోని మాచర్లతో సహా పలుచోట్ల ఘర్షణలు జరిగాయి. మార్చి 15న రాష్ట్ర ఎన్నికల కమిషనర్ ఎన్.రమేశ్‌కుమార్ కోవిడ్ కారణంగా ఎన్నికలను ఆరు వారాలు వాయిదా వేశారు. గుంటూరు, చిత్తూరు జిల్లాల కలెక్టర్లను తప్పించాలని కూడా ఆదేశించారు.

తమను సంప్రదించకుండా వాయిదా వేశారని, కమిషనర్ నిష్పక్షపాతంగా లేరని ప్రభుత్వ పక్షం ఆరోపించింది. రాష్ట్ర ప్రభుత్వమే సుప్రీంకోర్టును ఆశ్రయించింది. మార్చి 18న సుప్రీంకోర్టు వాయిదా నిర్ణయంలో జోక్యం చేసుకోలేదు. అయితే ఎన్నికల నియమావళిని ఎత్తివేయాలని, కొత్త తేదీలకు ముందు ప్రభుత్వాన్ని సంప్రదించాలని చెప్పింది. ఇక్కడ రాష్ట్రం వాది, రాష్ట్రంలోని ఒక సంస్థ ప్రతివాది. 2003 సూత్రం ప్రకారం ఇది కుదరని పని. కమిషన్‌కు రాజ్యాంగబద్ధమైన విడి అస్తిత్వం ఉంది కాబట్టే కుదిరింది.

6.2 ఆర్డినెన్స్
2020 ఏప్రిల్ 10న పంచాయతీరాజ్ చట్టాన్ని సవరిస్తూ ఆర్డినెన్స్ వెలువడింది. కమిషనర్ పదవీకాలం అయిదేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గింది. హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసినవారే కమిషనర్ కావాలని కొత్త అర్హత వచ్చింది. 2016 ఏప్రిల్ 1న బాధ్యతలు చేపట్టిన రమేశ్‌కుమార్‌కు మూడేళ్లు అప్పటికే దాటిపోయాయి. దాంతో ఆయన పదవి పోయింది. మద్రాసు హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి వి.కనగరాజ్ ఆ స్థానంలోకి వచ్చారు.

అర్హత ప్రశ్న ఇక్కడ కొత్త రూపం తీసుకుంది. కమిషన్‌కు ప్రభుత్వంపై వ్యాజ్యం వేసే హక్కు 2006 నుంచీ ఉంది. కానీ కమిషన్ తరఫున ఆ నిర్ణయం తీసుకోవాల్సిన కుర్చీలో ఇప్పుడున్నది వివాదాస్పద ఆర్డినెన్స్ కింద నియమితులైనవారు. తన నియామకాన్నే కొట్టివేయమని ఆయన వ్యాజ్యం వేస్తారని ఎవరూ అనుకోరు. అంటే సంస్థకు అర్హత ఉంది గానీ, దాన్ని వాడుకునే మనిషి లేరు. తాళం చెవి చేతులు మారింది.

అందుకే రమేశ్‌కుమార్ తన పదవీకాలానికి నష్టం జరిగిన వ్యక్తిగా హైకోర్టుకు వెళ్లారు. ఒక మాజీ మంత్రితో సహా మరికొందరు కూడా పిటిషన్లు వేశారు. సంస్థ స్వతంత్రతను కాపాడే భారం ఒక వ్యక్తి తన ఉద్యోగ హక్కు కోసం వేసిన పిటిషన్ మీద, కొందరు పౌరుల చొరవ మీద పడింది.

6.3 తీర్పు, దాని అమలు
రాష్ట్ర విభజన తరవాత ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2019లో విడిగా ఏర్పడి గుంటూరు జిల్లా తుళ్లూరు మండలం నేలపాడుకు చేరింది. ఆ హైకోర్టు 2020 మే 29న ఆర్డినెన్స్‌ను కొట్టివేసింది. అత్యవసరంగా ఆర్డినెన్స్ తేవాల్సిన పరిస్థితి లేదని, పదవీకాలం కుదింపు రాజ్యాంగం ఇచ్చిన రక్షణకు విరుద్ధమని తేల్చింది. జూన్ 10న సుప్రీంకోర్టు ఈ తీర్పుపై స్టే ఇవ్వడానికి నిరాకరించింది.

తీర్పు రాగానే రమేశ్‌కుమార్ బాధ్యతల్లోకి వచ్చినట్టు సర్క్యులర్ వెలువడింది. ఆయనను పునర్నియమించాలని కోర్టు ఆదేశించింది ప్రభుత్వాన్ని కాబట్టి, ఆయనంతట ఆయన కుర్చీలో కూర్చోలేరని అడ్వకేట్ జనరల్ బహిరంగంగా వివరించారు. కోర్టు ధిక్కార పిటిషన్ నడిచింది. ఆయన గవర్నర్‌ను కలిశాక జూలై నెలాఖరున పునర్నియామక ఉత్తర్వు వచ్చింది. గెలిచిన తీర్పు అమలు కావడానికి రెండు నెలలు పట్టింది. ఆ ఉత్తర్వు ఇవ్వాల్సింది కూడా ఓడిన పక్షమే.

6.4 ఎన్నికలు
2021 జనవరి 8న కమిషన్ పంచాయతీ ఎన్నికల షెడ్యూలు ప్రకటించింది. కోవిడ్ టీకా కార్యక్రమం దగ్గరపడిందన్న కారణంతో ప్రభుత్వం హైకోర్టుకు వెళ్లింది. జనవరి 11న సింగిల్ జడ్జి షెడ్యూలును నిలిపివేశారు. కమిషన్ అప్పీలు చేసింది. జనవరి 21న డివిజన్ బెంచ్ ఆ ఉత్తర్వును రద్దు చేసింది. జనవరి 25న సుప్రీంకోర్టు ప్రభుత్వ పిటిషన్‌ను తోసిపుచ్చింది. ఈసారి కమిషన్ వ్యక్తి పేరున కాక, సంస్థగా తన సొంత అర్హతతో పోరాడింది. అందుకే ఏప్రిల్‌లో మొదలైన వివాదానికి నెలలు పడితే, ఈ వివాదం రెండు వారాల్లో తేలింది.

ఫిబ్రవరి 9, 13, 17, 21 తేదీల్లో నాలుగు దశల్లో పోలింగ్ జరిగింది. ఆ సమయానికి గుంటూరు, ప్రకాశం పల్లెల్లో మిరప కోతలు సాగుతుంటాయి, కల్లాల్లో కాయలు ఆరుతుంటాయి. ఆ పనుల మధ్యే జనం వరుసల్లో నిలబడి రెండున్నరేళ్ల తరవాత తమ సర్పంచులను ఎన్నుకున్నారు. మార్చి 31న రమేశ్‌కుమార్ అయిదేళ్ల పదవీకాలం ముగిసింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
అ) 2003, 2006 తీర్పుల మధ్య తేడా ఏమిటి?
ఆ) 2020 ఏప్రిల్‌లో కమిషన్ సంస్థగా ఎందుకు కోర్టుకు వెళ్లలేకపోయింది?

7. ఎవరి తరఫున ఎవరు వాదించాలి?

అర్హత ప్రశ్న వెంటే ప్రాతినిధ్యం ప్రశ్న వస్తుంది. 165వ అధికరణ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వానికి న్యాయ సలహాలిచ్చేది అడ్వకేట్ జనరల్. ఆయన ప్రభుత్వ న్యాయాధికారి కాబట్టి ప్రభుత్వంతో తగాదా పడిన సంస్థ తరఫున వాదించలేరు. అందుకే కమిషన్‌కు సొంత స్టాండింగ్ కౌన్సిల్ ఉంటారు. కానీ 2020 ఏప్రిల్ వంటి సందర్భంలో ఆ న్యాయవాది ఎవరి మాట వినాలి? పదవి కోల్పోయినవారి మాటా, కొత్తగా వచ్చినవారి మాటా? న్యాయవాది కక్షిదారు సూచనల మేరకే నడుచుకోవాలి. కక్షిదారు ఎవరన్నదే వివాదమైతే ఆ నియమం దారి చూపదు.

ఇలాంటి చోట కోర్టు తానే ఒక న్యాయవాదిని నియమించుకోవచ్చు. ఆయన్ను అమికస్ క్యూరీ అంటారు. కోర్టుకు సహాయపడే మిత్రుడని దీని భావం. పేద నిందితుడికి కోర్టు ఇచ్చే ఉచిత న్యాయవాదితో దీన్ని కలపకూడదు. ఆ న్యాయవాది నిందితుడి పక్షాన నిలబడతారు. అమికస్ ఏ కక్షిదారు మనిషీ కాదు. ఎవరూ చెప్పని వాదనను కోర్టు ముందు ఉంచడం ఆయన పని.

మన దేశంలో ఇందుకు పేరుపడ్డ ఉదాహరణ వినీత్ నారాయణ్ కేసు. హవాలా చెల్లింపుల దర్యాప్తులో పై స్థాయి వ్యక్తుల పేర్లు రావడంతో సీబీఐ ముందుకు కదలడం లేదన్నది ఆరోపణ. దర్యాప్తు సంస్థా ప్రభుత్వానిదే, దాన్ని ఆపుతున్నారని ఆరోపణ ఎదుర్కొన్నదీ ప్రభుత్వమే. సీబీఐ సొంతంగా ప్రభుత్వంపై కోర్టుకు రాలేదు. ఒక పాత్రికేయుడు వేసిన పిటిషన్ మీద సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది అనిల్ దివాన్‌ను అమికస్‌గా నియమించింది. 1997 డిసెంబరు 18న వచ్చిన తీర్పు సీబీఐ డైరెక్టర్‌కు కనీసం రెండేళ్ల పదవీకాలం ఉండాలని నిర్దేశించింది. స్వతంత్రంగా పనిచేయాల్సిన అధికారికి పదవీకాలమే మొదటి రక్షణ అన్న సూత్రం ఇక్కడా కనిపిస్తుంది. 2020 ఆర్డినెన్స్ తాకింది కూడా ఆ రక్షణనే.

అమెరికాలో 2013 నాటి విండ్సర్ కేసు మరో కోణం చూపుతుంది. వివాహానికి సంబంధించిన ఒక ఫెడరల్ చట్టం రాజ్యాంగ విరుద్ధమని అధ్యక్షుడి ప్రభుత్వమే ఒప్పుకుంది. దాన్ని సమర్థించడానికి ప్రతినిధుల సభ నాయకుల బృందం ముందుకొచ్చింది. ఆ బృందానికి గానీ, ఓటమిని తానే కోరుకుంటున్న ప్రభుత్వానికి గానీ అప్పీలు నడిపే అర్హత ఉందా? ఉందనే వాదించడానికి అందరూ సిద్ధం, లేదని వాదించేవారే లేరు. సుప్రీంకోర్టు న్యాయశాస్త్ర ఆచార్యురాలు విక్కీ జాక్సన్‌ను ఆ వాదన వినిపించడానికే నియమించింది. కోర్టు చివరికి ఆమె వాదనతో ఏకీభవించలేదు, కేసు వినే అధికారం తనకుందని తేల్చింది. అయినా ఎదురువాదన విన్న తరవాతే ఆ నిర్ణయానికి వచ్చింది.

8. సమీక్ష

ఈ చరిత్ర నుంచి మూడు విషయాలు తేలుతాయి.

మొదటిది, అన్ని తగాదాలనూ కోర్టుకు తేవడం మంచిది కాదన్న 2003 సూత్రం సరైనదే. శాఖల మధ్య విభేదాలను తేల్చడం మంత్రివర్గం బాధ్యత. ఆ బాధ్యతను న్యాయమూర్తుల మీద వేస్తే ఎన్నికైన ప్రభుత్వం జవాబుదారీతనం తగ్గుతుంది. ఎన్నికల కమిషన్ సైతం విమర్శకు అతీతం కాదు. సంప్రదింపులు జరపాలని 2020 మార్చిలో సుప్రీంకోర్టు దానికీ చెప్పింది.

రెండవది, ప్రభుత్వాన్నే అదుపు చేయాల్సిన సంస్థకు ఈ సూత్రం వర్తించదు. పంచాయతీ ఎన్నికలు ఎప్పుడు జరగాలో అధికారంలో ఉన్నవారి వీలును బట్టి తేలితే, ఎన్ని పార్టీలు మారినా గ్రామానికి ఒరిగేదేమీ ఉండదు. 2018లో గడువు ముగిసినప్పుడున్న ప్రభుత్వం వేరు, 2020లో వివాదం నడిపిన ప్రభుత్వం వేరు. ఎన్నికలు ఆలస్యం కావడంలో ఇద్దరి కాలమూ ఉంది. కాబట్టి దీన్ని ఒక పార్టీ తప్పుగా చూడటం కంటే వ్యవస్థలో ఉన్న ఖాళీగా చూడటం చరిత్ర విద్యార్థికి సరైన దృష్టి.

మూడవది, అర్హత ఒక్కటే చాలదు. కంచే చేను మేస్తే కాపాడేదెవరన్న సామెత మీకు తెలుసు. ఇక్కడ కంచె వేయాల్సినదీ, దాని ఖర్చు భరించాల్సినదీ, కావలివాడిని నియమించాల్సినదీ ప్రభుత్వమే. అధిపతిని మార్చేస్తే సంస్థ గొంతు మూగబోతుందని 2020 ఏప్రిల్ చూపింది. సంస్థ నోరు మూతపడినప్పుడు మాట్లాడటానికి పౌరుల పిటిషన్లో, కోర్టు నియమించే అమికసో అవసరమవుతారు. 2021 మార్చిలో గోవా కేసులో సుప్రీంకోర్టు, ప్రభుత్వోద్యోగంలో ఉన్నవారిని రాష్ట్ర ఎన్నికల కమిషనర్‌గా నియమించరాదని చెప్పింది. నియామకం స్వతంత్రంగా ఉంటేనే అర్హతకు అర్థం ఉంటుందన్నది ఆ తీర్పు సారం.

చీరాల–పేరాల ప్రజలు 1921లో ఊరు వదిలారు. వందేళ్ల తరవాత అదే ప్రాంతపు పల్లెలు ఊళ్లో ఉండే ఓటు వేశాయి. ఈ రెండింటి మధ్య వచ్చిన మార్పు రాజ్యాంగం ఒక సంస్థకు ఇచ్చిన దావా అర్హత. అది చట్టపుస్తకంలో ఉంటే సరిపోదు, దాన్ని వాడగల కుర్చీ స్వతంత్రంగా ఉండాలి.

9. సారాంశం

ఒకే ప్రభుత్వంలోని శాఖలకు ఒకదానిపై ఒకటి దావా వేసే అర్హత లేదని 2003లో ఆంధ్రప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. రాజ్యాంగం నేరుగా బాధ్యత అప్పగించిన రాష్ట్ర ఎన్నికల కమిషన్‌కు ఆ అర్హత ఉందని 2006లో చెప్పింది. 2020లో ఆర్డినెన్స్ ద్వారా కమిషనర్ మారినప్పుడు సంస్థ అర్హత నిరుపయోగమై, వ్యక్తుల పిటిషన్ల ద్వారా న్యాయం జరగాల్సి వచ్చింది. 2021లో సంస్థ తన అర్హతతోనే పోరాడి పంచాయతీ ఎన్నికలు జరిపింది. సంస్థ తరఫున మాట్లాడేవారు లేనప్పుడు అమికస్ క్యూరీ నియామకం కోర్టులకున్న ఒక మార్గం.

10. కీలక పదాలు

దావా అర్హత: కోర్టు ముందు కక్షిదారుగా నిలబడే హక్కు.
అమికస్ క్యూరీ: కోర్టుకు సహాయపడేందుకు కోర్టే నియమించే న్యాయవాది. ఏ పక్షానికీ చెందరు.
స్టాండింగ్ కౌన్సిల్: ఒక సంస్థ తరఫున కేసులు చూసేందుకు నియమితులైన న్యాయవాది.
ఆర్డినెన్స్: శాసనసభ సమావేశంలో లేనప్పుడు 213వ అధికరణ కింద గవర్నర్ జారీచేసే, చట్టంతో సమానమైన ఉత్తర్వు.
ప్రత్యేక అధికారి: ఎన్నికైన పాలకవర్గం లేనప్పుడు పంచాయతీ బాధ్యతలు చూసే ప్రభుత్వాధికారి.

11. నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ప్రభుత్వ శాఖకూ రాజ్యాంగ సంస్థకూ దావా అర్హత విషయంలో ఉన్న తేడాను కేసుల ఆధారంగా చర్చించండి.
2. 2020–21 రాష్ట్ర ఎన్నికల కమిషన్ వివాదంలోని ప్రధాన ఘట్టాలను వివరించి, వాటి ప్రాముఖ్యాన్ని అంచనా వేయండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. 243కె అధికరణ ఎన్నికల కమిషనర్‌కు ఇచ్చిన రక్షణలు ఏవి?
2. వినీత్ నారాయణ్, విండ్సర్ కేసుల్లో అమికస్ క్యూరీ పాత్రను పోల్చండి.
3. మీ గ్రామ పంచాయతీలో ప్రత్యేక అధికారి పాలన జరిగిన కాలాన్ని గురించి పెద్దలను అడిగి తెలుసుకుని, ఎన్నికైన పాలకవర్గం ఉన్న కాలంతో పోల్చి రాయండి.